బెంగళూరులో ఉండి టూరింగ్ బైక్ కొనాలంటే: అమెరికా బండా, జపాన్ బండా, ఎట్లా తేల్చుకోవాలి

ఉద్యోగం కుదురుకుని, ఈఎమ్ఐలు కాస్త తగ్గి, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలయ్యాక మనోళ్ళలో చాలా మందికి వచ్చే డౌట్ ఇదే. దూరప్రయాణాలకి అమెరికా కంపెనీ హార్లీ-డేవిడ్సన్ తీసుకుందామా, లేకపోతే జపాన్ వాళ్ళ హోండా, కవాసాకి, సుజుకీల్లో ఏదైనా చూద్దామా అని. రాత్రంతా వీడియోలు చూస్తారు, ఒకడు సౌండ్ గురించి చెప్తాడు, ఇంకొకడు హార్స్ పవర్ గురించి చెప్తాడు, పొద్దున్నే లేచేసరికి కన్ఫ్యూజన్ ఇంకా పెరుగుతుంది.

నా లెక్క ఒకటే. మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నుంచి సిటీ దాటేదాకా ఉండే ఆ మొదటి ఇరవై పాతిక కిలోమీటర్లే మీ బండిని డిసైడ్ చెయ్యాలి, ఆ తర్వాత వచ్చే ఐదొందల కిలోమీటర్లు కాదు. ఎందుకంటే దేవనహళ్ళి దాటి హైవే ఎక్కేశాక ఈ రేంజ్‌లో చెడ్డ బండి అంటూ ఏదీ లేదు, అన్నీ హాయిగానే పోతాయి. తేడా అంతా సిల్క్ బోర్డ్ దగ్గర, హెబ్బాళ్ దగ్గర, మీ ఇంటి ర్యాంప్ మీద తెలుస్తుంది. ఇది మనసులో పెట్టుకుని కింద చెప్పినట్టు ఒక్కొక్కటీ చేసుకుంటూ రండి.

మొదట: మీరు నిజంగా ఎక్కడికి పోతారో రాసుకోండి

లద్దాఖ్ రాయొద్దు. పోయిన సంవత్సరం బైక్ మీదో కారులోనో ఎక్కడెక్కడికి పోయారో అది రాయండి. మనలో ఎక్కువ మందికి ఆ లిస్ట్ ఇట్లా ఉంటుంది: ఊరికి, అంటే అనంతపురం రెండొందల చిల్లర కిలోమీటర్లు, కర్నూలు మూడొందల అరవై, హైదరాబాద్ ఐదొందల డెబ్బై, అంతా ఎన్‌హెచ్ 44 మీదే. తర్వాత కోలార్, ముళబాగిలు, పలమనేరు మీదుగా తిరుపతి. వీకెండ్‌కి లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట. అప్పుడప్పుడు ఏర్కాడు. బాగా ఉత్సాహం ఉన్నవాళ్ళు డెబ్బై హెయిర్‌పిన్‌లున్న కొల్లి హిల్స్.

ఇప్పుడు ఈ లిస్ట్ పక్కన రెండు నిజాలు రాసుకోండి. ఒకటి, టూ వీలర్‌లకి నాలుగు లేన్ల హైవే మీద కూడా లీగల్ లిమిట్ గంటకి 80 కిలోమీటర్లే. రెండు, ఎక్కడైతే స్పీడ్‌గా పోవాలనిపిస్తుందో అక్కడికి మనల్ని రానివ్వరు. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి బైక్‌లు బంద్, సర్వీస్ రోడ్డు మీద పోవాల్సిందే. హైదరాబాద్ చేరాక ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కూడా మనకి ఎంట్రీ లేదు. కాబట్టి రెండొందల టాప్ స్పీడ్ కోసం డబ్బులు పెడుతున్నా అంటే ఆ డబ్బుని ఎక్కడ ఖర్చు పెడతారో ముందే ఆలోచించుకోండి.

తర్వాత: దేశం పేరు పక్కన పెట్టి ఇంజన్ చూడండి

అమెరికా, జపాన్ అని మనం గీత గీసుకుంటాం కానీ ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది. హోండా గోల్డ్ వింగ్, అంటే జపాన్ టూరింగ్ బండ్లలో పెద్దన్న, 1980 నుంచి దాదాపు ముప్పై ఏళ్ళు అమెరికాలోనే, ఒహాయోలోని మేరీస్‌విల్ ఫ్యాక్టరీలో తయారయ్యింది, ఆ తర్వాతే జపాన్‌లోని కుమామోటోకి పోయింది. ఇటు చూస్తే మన దగ్గర ఎక్కువగా కనపడే హార్లీ ఎక్స్440ని రాజస్థాన్‌లో హీరో వాళ్ళు చేస్తున్నారు. 2020లో హార్లీ సొంత దుకాణం సర్దేసి హీరోతో ఒప్పందం పెట్టుకుంది, అప్పటి నుంచి అమ్మకాలు, సర్వీస్ అన్నీ వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి ట్యాంక్ మీద జెండా ఏదున్నా చూడాల్సింది కింద ఉన్న ఇంజన్.

పెద్ద హార్లీల్లో, అంటే స్ట్రీట్ గ్లైడ్, రోడ్ గ్లైడ్ లాంటివాటిలో 45 డిగ్రీల వీ-ట్విన్ ఉంటుంది, అంటే సిలిండర్లని వీ అక్షరంలా అమర్చిన ఇంజన్. రెండే రెండు పెద్ద సిలిండర్లు, మిల్వాకీ-ఎయిట్ 117 అయితే మొత్తం 1923 సీసీ. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలమంతా వస్తుంది, టాప్ గేర్‌లో వంద మీద పోతుంటే ఇంజన్ రెండు వేల చిల్లర ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి అన్ని చుట్లు) నింపాదిగా కొట్టుకుంటూ ఉంటుంది, ఓవర్‌టేక్ చెయ్యాలన్నా గేర్ దించక్కర్లేదు, చెయ్యి కొంచెం తిప్పితే చాలు. ఇండియన్ అనే ఇంకో అమెరికా కంపెనీ ఉంది, 1901లో పుట్టింది, హార్లీ కన్నా రెండేళ్ళు పెద్దది, దాని థండర్‌స్ట్రోక్ ఇంజన్‌దీ ఇదే స్వభావం. కానీ ఆ బండ్లు మన దగ్గర చాలా తక్కువ, షోరూమ్, సర్వీస్ ఎక్కడున్నాయో చూసుకున్నాకే ఆ వైపు అడుగెయ్యండి.

జపాన్ వాళ్ళది ఒకే దారి కాదు. కవాసాకి నింజా 1100ఎస్ఎక్స్‌లో నాలుగు సిలిండర్లు వరసగా ఉంటాయి, పట్టులా స్మూత్, కానీ 136 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలతే) పూర్తిగా రావాలంటే 9000 ఆర్‌పీఎమ్ దాకా లాగాలి. వర్సిస్ 650, హోండా ఎన్ఎక్స్500, సుజుకీ వీ-స్ట్రోమ్ 800డీఈ, ఇవి రెండు సిలిండర్లు పక్కపక్కనే ఉండే పారలల్ ట్విన్‌లు. గోల్డ్ వింగ్ ఏమో పడుకోబెట్టిన ఆరు సిలిండర్లు, 1833 సీసీ, షాఫ్ట్ డ్రైవ్ (చెయిన్ బదులు రాడ్), ఏడు గేర్ల ఆటోమేటిక్ కూడా వస్తుంది. యమహా వాళ్ళ పెద్ద టూరర్లు ఇక్కడ అమ్మరు, కాబట్టి ఆశ పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒక సరదా సంగతి గమనించండి. 80 లిమిట్ ఉన్న మన రోడ్డుకి కాగితం మీద చూస్తే హార్లీ లాంటి నెమ్మది ఇంజనే కరెక్ట్, నింజా లాంటిది ఆ స్పీడ్‌లో సగం నిద్రలోనే ఉంటుంది. నాకు కూడా హైవే మీద వీ-ట్విన్ అంటేనే ఇష్టం, దాచుకోవడం ఎందుకు. కానీ హైవే చేరాలి కదా, కథంతా అక్కడే ఉంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైంది: వేడి, బరువు

వీ-ట్విన్‌లో వెనక సిలిండర్ సరిగ్గా మీ కుడి తొడ కిందకి వస్తుంది, దానికి ముందు సిలిండర్ అడ్డం, గాలి సరిగ్గా తగలదు. బండి కదులుతున్నంతసేపు ఏం కాదు. మారతహళ్ళి బ్రిడ్జ్ కింద పావుగంట ఆగారనుకోండి, పొయ్యి పక్కన కూర్చున్నట్టే. హార్లీ వాళ్ళకి ఈ విషయం బాగా తెలుసు, అందుకే ఐడ్లింగ్‌లో ఇంజన్ బాగా వేడెక్కితే వెనక సిలిండర్ మంట ఆపేసే ఏర్పాటు పెట్టారు, థండర్‌స్ట్రోక్ ఇండియన్‌లకి కూడా 2019 నుంచి అట్లాంటిదే ఉంది. హెల్ప్ అవుతుంది, కానీ ఏప్రిల్ నెల మధ్యాహ్నానికి అది మందు కాదు. జపాన్ బండ్లకి రేడియేటర్ ఉంది కదా అని వేడి ఉండదనుకోవద్దు, నాలుగు సిలిండర్ల బండికి ఫ్యాన్ తిరగడం మొదలైందంటే వేడి గాలి కాళ్ళ మీదకి కొడుతుంది, జీన్స్ వేసుకుంటే బాగానే తెలుస్తుంది. ఈ విషయంలో మర్యాదగా ఉండేవి ఎన్ఎక్స్500 లాంటి చిన్న ట్విన్‌లు, గోల్డ్ వింగ్ కూడా పర్లేదు.

బరువు సంగతి నంబర్లతోనే చూడండి. గోల్డ్ వింగ్ టూర్ దాదాపు 390 కిలోలు. 2024 మోడల్ స్ట్రీట్ గ్లైడ్ 368. హార్లీ వాళ్ళదే అడ్వెంచర్ బండి పాన్ అమెరికా స్పెషల్ 258 దగ్గర. వీ-స్ట్రోమ్ 800డీఈ 232, వర్సిస్ 650 సుమారు 220, ఎన్ఎక్స్500 196, ఎక్స్440 190, సుజుకీ వాళ్ళ చిన్న 250, వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్, 167. షోరూమ్‌లో సైడ్ స్టాండ్ మీద ఉన్నప్పుడు ఇవన్నీ అందంగానే ఉంటాయి. ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ గుర్తు తెచ్చుకోండి, ఆ మలుపు, కింద నున్నటి టైల్స్, వాచ్‌మన్ పొద్దున్నే కడిగిన నీళ్ళు, పక్కన ఎవరిదో కారు అడ్డంగా. అక్కడ 368 కిలోల బండిని వెనక్కి తొయ్యాలి. గోల్డ్ వింగ్ అంత బరువున్నా దానికి మెల్లగా వెనక్కీ ముందుకీ నడిచే మోడ్ ఉంది, స్ట్రీట్ గ్లైడ్‌కి మీ కాళ్ళే రివర్స్ గేర్.

దీనికి చేయాల్సిన పని: టేప్ తీసుకుని మీ పార్కింగ్ స్లాట్ కొలవండి, ర్యాంప్ మలుపు వెడల్పు కొలవండి, తర్వాత షోరూమ్‌కి పోయి ఆ బండి పొడవు, హ్యాండిల్ వెడల్పు, సైడ్ బాక్సుల వెడల్పు అడిగి పోల్చుకోండి. నవ్వుతారేమో, నవ్వనివ్వండి. అట్లాగే సీట్ హైట్ ఒక్కటే చూసి భయపడొద్దు. హార్లీ, గోల్డ్ వింగ్ సీట్లు కింద ఉంటాయి, గోల్డ్ వింగ్‌ది 745 మిల్లీమీటర్లే, పొట్టివాళ్ళకి కూడా రెండు పాదాలు నేల మీద ఆనతాయి. వీ-స్ట్రోమ్ 800డీఈ సీటు 855, ఐదున్నర అడుగుల మనిషికి మునివేళ్ళే. పాన్ అమెరికా స్పెషల్‌లో మాత్రం బండి ఆగబోతుంటే దానంతట అదే కిందకి దిగే సస్పెన్షన్ ఉంది, ఆ ఐడియా నాకు చాలా నచ్చింది.

నాలుగు: హంప్స్, వెన్నుపూస

బెంగళూరు లేఅవుట్లలో హంప్స్ ఎవరు పడితే వాళ్ళు వేసేసినట్టు ఉంటాయి, అనంతపురం నుంచి లోపలి పల్లెలకి పోయే రోడ్ల మీద కూడా అంతే. గోల్డ్ వింగ్ గ్రౌండ్ క్లియరెన్స్ 130 మిల్లీమీటర్లు. వర్సిస్ 170. వీ-స్ట్రోమ్ 800డీఈ 220. ఇద్దరు ఎక్కి, బాక్సుల నిండా లగేజీ పెట్టి, హంప్ మీద ఏటవాలుగా పోయినా అడుగు రాసుకుంటుందా లేదా అన్నది ఈ నంబరే చెప్తుంది.

ఇంకోటి, కూర్చునే పద్ధతి. క్రూజర్‌లో, అంటే స్ట్రీట్ గ్లైడ్ లాంటి బండ్లలో, కాళ్ళు ముందుకి చాపి ఫుట్‌బోర్డ్ మీద పెడతాం, చూడ్డానికి సోఫాలా ఉంటుంది కానీ గుంత వచ్చినప్పుడు కాళ్ళ మీద లేచి నిలబడలేం, దెబ్బంతా నేరుగా నడుముకే పోతుంది. దానికి తోడు పాత స్ట్రీట్ గ్లైడ్‌లలో వెనక సస్పెన్షన్ కదలిక యాభై చిల్లర మిల్లీమీటర్లే, 2024లో దాన్ని 76కి పెంచారు, మంచి మార్పే. కానీ వర్సిస్ 650లో అది 145. నడుం నొప్పి ముందే ఉన్నవాళ్ళు, డిస్క్ ప్రాబ్లం ఉన్నవాళ్ళు ఈ ఒక్క పాయింట్ మీదే డిసైడ్ అయిపోవచ్చు, మిగతాది చదవక్కర్లేదు.

ఐదు: వెనక కూర్చునే మనిషిని అడగండి

ఇది చాలామంది చెయ్యరు. భార్యనో, ఫ్రెండ్‌నో తీసుకుపోయి షోరూమ్‌లో వెనక సీట్లో పది నిమిషాలు కూర్చోబెట్టండి. గోల్డ్ వింగ్ టూర్‌లో వెనక మనిషికి వీపు ఆనించుకునే సీటు, చేతులు పెట్టుకునే చోటు ఉంటాయి, తిరుపతి దాకా నిద్రపోయినా ఆశ్చర్యం లేదు. స్ట్రీట్ గ్లైడ్ స్టాక్ వెనక సీటు మాత్రం చిన్న బల్ల, వెనక ఆనుకునే రెస్ట్ వేరేగా కొనాలి, హార్లీలో ఇట్లా వేరేగా కొనే లిస్ట్ చాలా పొడుగ్గా ఉంటుంది, దానికి బడ్జెట్‌లో ముందే చోటు పెట్టండి. వర్సిస్, ఎన్ఎక్స్, వీ-స్ట్రోమ్‌లలో వెనక సీటు వెడల్పుగా, చదునుగా ఉంటుంది, టాప్ బాక్స్ పెట్టిస్తే దానికే ఆనుకోవచ్చు. ఎప్పుడూ ఒక్కరే పోతారంటే ఈ స్టెప్ వదిలెయ్యండి.

ఆరు: డబ్బుల లెక్క, ఆన్ రోడ్ వరకు

వెబ్‌సైట్‌లో కనపడే ధర చూసి మురిసిపోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్‌టీ 28 నుంచి 18కి తగ్గింది, 350 దాటితే 40 శాతం అయ్యింది, అంతకు ముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. అంటే టూరింగ్ అని మనం మాట్లాడుకుంటున్న వాటిలో వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ లాంటి 250లు గీతకి ఇటు, ఎక్స్440తో మొదలుపెట్టి మిగతావన్నీ అటు. పూర్తిగా బయట తయారై వచ్చే బండ్లకి కస్టమ్స్ డ్యూటీ అదనం. 2025 బడ్జెట్‌లో దాన్ని 1600 సీసీ లోపు వాటికి 50 నుంచి 40కి, ఆ పైన వాటికి 30కి తగ్గించారు. పెద్ద హార్లీలు, గోల్డ్ వింగ్ రెండూ ఆ 30లోకే వస్తాయి, అయినా గోల్డ్ వింగ్ నలభై లక్షల దగ్గరే ఆడుతుంది.

డ్యూటీలు అంటే గుర్తొచ్చింది, ఈ గొడవ మనతో మొదలవ్వలేదు. 1983లో జపాన్ బండ్ల దెబ్బకి హార్లీ మునిగిపోయేలా ఉంటే రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన జపాన్ బైక్‌ల మీద అదనంగా 45 శాతం డ్యూటీ వేసింది. జపాన్ వాళ్ళు ఏం చేశారంటే 750లని కాస్త కోసి 700 లోపు చేసి అమ్మారు. 1987లో హార్లీ వాళ్ళే ఇంక ఈ డ్యూటీ మాకు అక్కర్లేదు అన్నారు. ఇక్కడ మనకి 350 గీత ఉన్నట్టు అక్కడ 700 గీత, అంతే తేడా.

సరే, మన లెక్కకి వద్దాం. కర్ణాటకలో లక్ష దాటిన బైక్‌కి లైఫ్ టాక్స్ 18 శాతం, దాని మీద మళ్ళీ సెస్. పది లక్షల ఎక్స్-షోరూమ్ బండి అంటే టాక్స్ ఒక్కటే రెండు లక్షల దగ్గరకి పోతుంది, ఇన్సూరెన్స్, హ్యాండ్లింగ్ అని ఇంకొన్ని కలిపితే పన్నెండున్నర దగ్గర తేలుతుంది. వీ-స్ట్రోమ్ 800డీఈ 2024లో 10.30 లక్షలకి వచ్చింది, ఎన్ఎక్స్500 అదే ఏడాది 5.90కి, ఎక్స్440 2023లో 2.29కి. ఇప్పటి రేటు షోరూమ్‌లో రాతపూర్వకంగా తీసుకోండి, అన్నీ విడివిడిగా రాసి ఇమ్మనండి, ఒకే మొత్తంగా చెప్తే ఒప్పుకోవద్దు.

ఇంకో సంగతి. ఏడాది లోపల హైదరాబాద్‌కో వైజాగ్‌కో మారిపోయే ఆలోచన ఉంటే ఇక్కడ అంత టాక్స్ కట్టి కేఏ నంబర్ తీసుకోవద్దు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి బండి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అక్కడ టాక్స్ మళ్ళీ కట్టాలి, ఇక్కడ కట్టింది రీఫండ్ తెచ్చుకోవడం అంటే చెప్పులు అరగాలి. ఊర్లో ఉన్న మనవాళ్ళ అడ్రస్ మీద ఏపీ నంబర్ తీసుకుని పర్మనెంట్‌గా ఇక్కడ తిప్పేద్దాం అని ప్లాన్ వేసేవాళ్ళకి కూడా ఇదే రూల్, ఆర్టీవో వాళ్ళు రోడ్డు మీద ఆపినప్పుడు లక్షల్లో తేలుతుంది.

ఏడు: సర్వీస్, టైర్లు, పెట్రోల్

హార్లీ పెద్ద ఇంజన్‌లకి వాల్వ్ సెట్టింగ్ అన్నదే ఉండదు, హైడ్రాలిక్ లిఫ్టర్లు వాటంతట అవే సర్దుకుంటాయి. చెయిన్ బదులు బెల్ట్, కాబట్టి లూబ్ కొట్టే పని లేదు. కాకపోతే ఇంజన్‌కి, ప్రైమరీకి (ఇంజన్ బలాన్ని క్లచ్‌కి అందించే భాగం), గేర్‌బాక్స్‌కి మూడు చోట్లా వేరువేరుగా నూనె పొయ్యాలి, సర్వీస్ బిల్లులో అది కనపడుతుంది. పాన్ అమెరికాకి చెయిన్ ఉంటుంది, అమెరికా బండి కదా అని బెల్ట్ అనుకోవద్దు. జపాన్ వాటిలో గోల్డ్ వింగ్‌కి షాఫ్ట్, మిగతావాటికి చెయిన్, ఐదొందల కిలోమీటర్లకి ఒకసారి క్లీన్ చేసి లూబ్ వేసే ఓపిక ఉండాలి, వానలో తడిస్తే అదే రోజు. నాలుగు సిలిండర్ల బండికి వాల్వ్ క్లియరెన్స్ చెక్ వచ్చినప్పుడు ట్యాంక్, ఫెయిరింగ్ (బయటి తొడుగు) అన్నీ విప్పాలి, లేబర్ చార్జ్ ఎంతో కొనేముందే అడగండి.

టైర్ల దగ్గర నేను గట్టిగా చెప్తా. వెనక టైర్ సైజ్ రాసుకుని టైర్ షాపుకి ముందే ఫోన్ చెయ్యండి, బండి కొన్నాక కాదు. వర్సిస్, ఎన్ఎక్స్500 రెండింటికీ వెనక 160/60-17, ఇది చాలా బండ్లకి వాడే సైజు, బ్రాండ్లు దొరుకుతాయి. స్ట్రీట్ గ్లైడ్‌కి 180/55-18, గోల్డ్ వింగ్‌కి 200/55-16, ఇవి ఏ షాపులో పడితే అక్కడ స్టాక్ ఉండవు, తెప్పించాలి. గుత్తి దగ్గర సైడ్‌వాల్ చిరిగిందంటే ఏ టైర్ దొరికేది, ఏది లారీ ఎక్కించాల్సి వచ్చేది అన్నది ఈ నంబర్లలోనే ఉంది. ఏ బండైనా పంక్చర్ కిట్, చిన్న గాలి పంప్ తప్పకుండా పెట్టుకోండి.

పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్ అంతా ఇరవై శాతం ఇథనాల్ కలిసిందే. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు దానికి తట్టుకునేలా చేసినవి, అంతకు ముందువి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే రబ్బర్ పైపులు, సీల్స్ చూపించుకోండి. పెద్ద వీ-ట్విన్‌లకి 95 ఆక్టేన్ కావాలి, బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతుంది, హైవే మీద పెద్ద బంకుల్లోనే. అందుకే ట్యాంక్ సైజ్ ముఖ్యం. వర్సిస్‌ది 21 లీటర్లు, వీ-స్ట్రోమ్ 800ది 20, ఎన్ఎక్స్‌ది పదిహేడున్నర, స్ట్రీట్ గ్లైడ్‌ది ఇరవై రెండు దాటుతుంది. ఏది తీసుకున్నా కర్నూలు దాకా రెండుసార్లకి మించి ఆగే పని లేదు.

ఎనిమిది: టెస్ట్ రైడ్, కానీ మీ టైమ్‌లో

షోరూమ్ వాళ్ళు ఆదివారం పొద్దున్నే రమ్మంటారు, రోడ్లు ఖాళీగా ఉంటాయి, బండి బ్రహ్మాండంగా ఉంటుంది. మీరు శుక్రవారం సాయంత్రం ఆరింటికి అడగండి. ఒప్పుకోకపోతే కనీసం మధ్యాహ్నం ఎండలో. వెనక ఒకరిని ఎక్కించుకోండి. సిగ్నల్ దగ్గర మొదటి గేర్‌లో క్లచ్ పట్టుకుని ఆగండి, చెయ్యి ఎంతసేపటికి లాగుతుందో చూడండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట వాలు మీద ఆపి మళ్ళీ కదలండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఒక యూటర్న్. ఆగాక ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో పది అడుగులు వెనక్కి తొయ్యండి. ఈ ఐదు పనులు చేశాక కూడా ఆ బండే కావాలనిపిస్తే అది మీదే.

వీలైతే ఇంకొకటి చెయ్యండి, బెంగళూరులో పెద్ద బైక్‌లు అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు, శనివారం తీసుకుని లేపాక్షి దాకా పోయి రండి, పోను రాను రెండొందల నలభై కిలోమీటర్లు. పొద్దున్న పోయేటప్పుడు కాదు, సాయంత్రం తిరిగొస్తూ యలహంక నుంచి ఇంటిదాకా వచ్చే ఆ గంటలో ఒళ్ళు ఏమంటుందో వినండి.

ఇంతకీ ఏది తీసుకోవాలి అంటే

సిటీ ట్రాఫిక్ దాటే బయటికి రావాలి, ఇద్దరు పోతారు, ఒకే బండి ఉంటుంది, బడ్జెట్ పది పన్నెండు లోపు: జపాన్ ట్విన్, రెండో మాట లేదు. వర్సిస్ 650 లేదా ఎన్ఎక్స్500, స్టాక్ ఏది దొరికితే అది. రోడ్డు లేని చోటికి కూడా పోతారు, కాళ్ళు పొడుగు: వీ-స్ట్రోమ్ 800. మూడు లక్షల్లో అయిపోవాలి, హార్లీ పేరు కూడా కావాలి: ఎక్స్440, దాని లాంగ్ స్ట్రోక్ ఇంజన్ 80-90 మీద హాయిగా ఉంటుంది, ఆ పైన బలవంతం చేయకండి. పేరు అక్కర్లేదంటే వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్, టాక్స్ కూడా కలిసొస్తుంది.

పెద్ద హార్లీ ఎవరికి? సిటీకి ఇంకో బండి ఉండాలి, ఇల్లు దేవనహళ్ళి వైపో, హొస్కోటె వైపో ఊరి అంచున ఉండాలి, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరే అలవాటు ఉండాలి, పార్కింగ్ గ్రౌండ్ లెవెల్‌లో ఉండాలి. ఈ నాలుగూ ఉన్నవాళ్ళకి స్ట్రీట్ గ్లైడ్ ఇచ్చే సుఖం ఏ జపాన్ బండీ ఇవ్వదు. రెండే ఉంటే ఇంకోసారి ఆలోచించండి. పైగా హార్లీతో ఒక గుంపు కూడా వస్తుంది, 1983లో మొదలైన వాళ్ళ ఓనర్ల గ్రూప్ ఇక్కడ కూడా గట్టిగానే నడుస్తుంది, కొత్త ఊర్లో స్నేహితులు కావాలనుకునేవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే

పెద్ద బండ్లు మన దగ్గర తక్కువ తిరిగి అమ్మకానికి వస్తుంటాయి, మంచి బేరాలు దొరుకుతాయి. ఎమ్‌పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్లు ఎంతమందో, లోన్ ఇంకా ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకానో చూడండి. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి టోకెన్ కూడా ఇవ్వొద్దు. సైలెన్సర్ మార్చి ఉంటే ఒరిజినల్ కూడా ఇమ్మనండి, ఎందుకంటే సౌండ్ సైలెన్సర్‌లు పట్టుకుని రోడ్ రోలర్‌తో తొక్కించడం మన ట్రాఫిక్ పోలీసులకి బాగా అలవాటు. టైర్ మీద నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం, ట్రెడ్ ఎంత ఉన్నా ఐదేళ్ళు దాటితే టైర్ల డబ్బు రేటులోంచి తగ్గించమనండి. రెండు తాళాలూ ఉన్నాయా అడగండి, కీలెస్ ఫాబ్ ఒకటి పోయిందంటే కొత్తది తెప్పించడానికి బాగానే వదులుతుంది. ఇండియాలో ఆపేసిన మోడల్ అయితే, హార్లీ స్ట్రీట్ 750 లాంటిది, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, ఫిల్టర్ ఇప్పుడు దొరుకుతున్నాయా అని సర్వీస్ సెంటర్‌లో అడిగి, ఆ తర్వాతే అడ్వాన్స్ మాట మాట్లాడండి.